గోకుడుపుల్లకి గేటు రుసుము

ఒక పెద్ద అడవిలో (ఎంత పెద్దదని మాత్రం అడక్కండి, కొలవడానికి వెళ్ళినవాళ్ళు దారి తప్పి ఇంకా అందులోనే తిరుగుతున్నారు) కంటకయ్య అనే ఏదుపంది కాపురం ఉండేవాడు.

కంటకయ్యకి ఒక జబ్బుంది. చేతులు ఊరుకోవు. దుంపలు తవ్వుకొచ్చి, పెళ్ళాం సూదమ్మకి పెట్టి, తను తిని, నలుగురిలాగా హాయిగా ఓ మూల పడుకోవచ్చుగా? అబ్బే! తన ఒంటిమీంచి రాలిన ముళ్ళన్నీ ఏరుకుంటాడు. వంపు తిరిగిన వెదురుపుల్ల తీసుకుని, దాని చివర ముళ్ళని దువ్వెనలా పేర్చి, నారతో బిగించి కడతాడు. దాన్ని గోకుడుపుల్ల అంటాడు.

వీపు మధ్యలో ఒక చోటుంటుంది చూశారూ? మూతి అందదు, కాలు అందదు, తోక ఎంత ఝాడించినా తగలదు. దేవుడు దురదలన్నీ ఏరికోరి అక్కడే పెట్టాడు. కంటకయ్య పుల్లని నోట కరుచుకుని మెడ తిప్పితే చాలు, సరిగ్గా అక్కడికే పోయి తగులుతుంది.

దుప్పి వచ్చి అడిగితే ఒకటిచ్చాడు. అడవిపంది అడక్కముందే ఇచ్చాడు. ఎవరి దగ్గరా పండు ముక్క కూడా పుచ్చుకోడు. వాళ్ళు కళ్ళు మూసుకుని గోక్కుంటూ "హమ్మయ్యా!" అంటారే, ఆ మాట చెవిన పడితే చాలు, కంటకయ్యకి కడుపు నిండిపోతుంది. ముఖ్యంగా దున్నతాత అన్నప్పుడు. ఈ దున్నతాత కుర్రతనంలో తన తోకని పులికి సమర్పించుకున్నాడు. జోరీగలు ఆయన వీపుమీద కాపురాలు పెట్టి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేశాయి. పైగా ఆయన బలానికి పుల్లలు ఆగవు, పుటుక్కున విరుగుతాయి. విరిగినప్పుడల్లా కంటకయ్య కొత్తది కట్టి ఇస్తాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అనేది సూదమ్మ. "గోక్కునేది వాళ్ళు, ముళ్ళు ఊడగొట్టుకునేది నువ్వూనా?"

"ఊడగొట్టుకోవడం లేదే! వాటంతట అవే రాలుతున్నాయి."

"నీ బుర్ర కూడా అలాగే రాలినట్టుంది. ముందు అది ఏరుకో!"

ఇన్ని మాటలూ అంటూనే పుల్లలకి నార పేని ఇచ్చేది మాత్రం ఆవిడే.

ఇలా సాగుతుండగా, నక్క జంబుకరావు ఒకరోజు మృగరాజుగారి గుహలో దూరాడు. అడవిలో మంత్రి లేడు, అందుకని పిలవకపోయినా మంత్రి పని అంతా ఆయనే చూసుకునేవాడు.

"ప్రభూ! అడవిలో ఎవడు ఎవడికి ఏం ఇస్తున్నాడో అడిగే దిక్కు లేదు. రేపెవడో విషపు కాయ చేతిలో పెడితే? ఒక అంగడి పెడదాం. చుట్టూ కంచె, దానికి ఒకే ఒక్క గేటు. ఏ వస్తువైనా గేటులోంచే రావాలి, గేటులోంచే పోవాలి. అంతా ప్రజల భద్రత కోసం!"

ప్రజల భద్రత అన్న మాట వింటే మృగరాజుగారికి చిన్నప్పటినుంచీ నిద్ర ముంచుకొస్తుంది. నోరంతా తెరిచి ఆవులించారు. ఆ ఆవలింతనే జంబుకరావు ఆమోదం కింద తీసుకున్నాడు.

అంగడి లేచింది. అడవంతా మురిసిపోయింది. కావలసినవన్నీ ఒక్కచోటే దొరుకుతాయంటే ఎవరికి చేదు? కంటకయ్య కూడా మురిసిపోయాడు. ఇంకా ఎంతమంది హమ్మయ్య అంటారో అనుకుంటూ పుల్లల కట్ట వీపునేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు.

"దయచేయండి కంటకయ్యగారూ!" అన్నాడు జంబుకరావు, తోకతో నేల తుడుస్తూ. "పద్ధతి చాలా తేలిక. గేటు రుసుము ఏడాదికి రెండు తేనెపట్లు. ఆపైన మీరు అమ్మినదాంట్లో మూడోవంతు మాది."

"నేను అమ్మనండీ. ఊరికే ఇస్తాను."

"ఊరికేనా?" జంబుకరావు ఎడమ కన్ను అదిరింది. "అంటే ధర ఎంత?"

"సున్నా."

"సున్నాలో మూడోవంతు ఎంత?"

"సున్నానే కదండీ!"

జంబుకరావు గుండె పట్టుకుని గేటుకి చేరగిలబడ్డాడు. "ఇంత కష్టపడి కంచె కడితే మాకు సున్నానా? కంటకయ్యగారూ, పొట్ట కొట్టడానికి మేమే దొరికామా మీకు?"

కంటకయ్యకి నిజంగానే జాలేసింది. అయినా అడిగాడు. "అయ్యా, ఊరికే ఇచ్చేవాడికి కూడా రుసుమెందుకండీ?"

"భలేవారే! రుసుము లేకపోతే దారిన పోయే ప్రతి దొంగవెధవా లోపలికి దూరడూ? తేనెపట్లు కట్టగలిగినవాడు మర్యాదస్థుడు. కట్టలేనివాడి సంగతి మనం వేరే చెప్పుకోవాలా?"

"అయితే లోపలికి రానులెండి. ఇంటి దగ్గరే ఇచ్చుకుంటాను."

"అలా ఇస్తే నేరం. గేటు దాటని వస్తువు ప్రమాదకరం. ఇచ్చిన మిమ్మల్ని ఏమీ అనం, పెద్దమనుషులు. పుచ్చుకున్నవాణ్ణి మాత్రం నది అవతలకి తరిమేస్తాం."

నది అవతల ఎవరుంటారో అందరికీ తెలుసు. మొసళ్ళు తినగా మిగిలినవాళ్ళు ఉంటారు.

ఇక తేనెపట్లు ఎక్కడ తేవాలి? ఏదుపంది చెట్టెక్కగలిగితే ఇంకేం! తేనె వ్యాపారం అంతా ఎలుగు భల్లూకయ్యది. ఆయనకి చెదపుట్టలు తవ్విపెడితే, తవ్వినవాడికి తేనెపట్టు ఇస్తాడు. కంటకయ్య అక్కడ కూలికి కుదిరాడు. ఎండాకాలమంతా తవ్వాడు. చెదలు ముక్కులో దూరాయి, మట్టి కళ్ళలో పడింది. గోళ్ళు అరిగి గుండ్రమయ్యాయి.

"సంపాదించుకోడానికి కూలికెళ్ళేవాళ్ళని చూశాను," అంది సూదమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని, "ఊరికే పంచిపెట్టడానికి కూలికెళ్ళేవాణ్ణి నిన్నే చూస్తున్నా!"

రుసుము కట్టేశాడు. అయిపోయిందా? అవలేదు. గేటు లోపల తనిఖీ ఉంది. తనిఖీ అధికారి తాబేలు కూర్మనాథం. నిప్పులాంటి మనిషి... అదే, నిప్పులాంటి తాబేలు. లంచం ముట్టడు. చుట్టరికం చూడడు. ఏ వస్తువైనా తన ఒంటిమీద స్వయంగా పరీక్షించాకే లోపలికి పంపుతాడు.

ఆయన గోకుడుపుల్ల అందుకుని తన వీపుమీద గీరాడు. గరగర మంది. ఇంకాస్త గట్టిగా గీరాడు. తల విదిలించాడు.

"ఏమీ తెలియలేదు. పనిచేయని వస్తువు. కుదరదు."

"అయ్యా, తమది డిప్ప కదండీ!"

"అయితే?"

"దానిమీద పర్వతం పడినా తమకి తెలీదు కదండీ! ఒక్కసారి మెడమీద గీరి చూడండి."

"వీపు సరుకుని మెడమీద పరీక్షించమంటావా?" కూర్మనాథం మొహం ఎర్రబడింది. "నా ఉద్యోగ జీవితంలో ఒక్క మచ్చ లేదు. నువ్వొచ్చి పెడతావా? తనిఖీ అధికారి వీపే వీపు. దానికి తెలిసేలా చేసి పట్రా."

కంటకయ్య ఇంటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. ఎన్ని రకాల ముళ్ళు మార్చాడో, ఎన్నిసార్లు గేటు చుట్టూ తిరిగాడో! చివరికి సూదమ్మకే విసుగొచ్చి, ఎండిన గింజలకాయ ఒకటి పుల్లకి కట్టేసింది. ఈసారి కూర్మనాథం గీరగానే గలగలమని మోగింది.

"ఆఁ! ఇప్పుడు ఏదో జరుగుతోంది. మొదటే ఇలా చేసి తేవచ్చుగా?" అన్నాడాయన, ఎంతో మెచ్చుకోలుగా.

ఆ ఏడాది అడవంతా గలగలలాడుతూ గోక్కుంది. దున్నతాత గోక్కుంటుంటే జాతర వస్తోందనుకుని నెమళ్ళు ఆడటం మొదలెట్టేవి. కంటకయ్య పడిన కష్టమంతా మర్చిపోయాడు. వెర్రివాడు!

ఏడాది తిరిగింది. మళ్ళీ రెండు తేనెపట్లు అన్నారు. ఈసారి భల్లూకయ్య దగ్గర తవ్వడానికి పుట్టలే మిగల్లేదు, పోయినేడు కంటకయ్యే అన్నీ తవ్వేశాడు మరి! రుసుము పడలేదు. గడువు దాటిన పొద్దున్నే జంబుకరావు ఎంతో మర్యాదగా, ఎంతో విచారంగా, పుల్లలన్నీ కట్టకట్టి కంచె అవతలకి విసిరేయించాడు.

నాలుగు రోజులకి దున్నతాత వచ్చాడు. వీపంతా పుండ్లు. "ఒరే కంటకా, నా పుల్ల విరిగిపోయిందిరా. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటివ్వరా! నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

బొరియ నిండా పుల్లలే. ఇస్తే ముసలాణ్ణి మొసళ్ళ పాలు చేసినట్టు. కంటకయ్య చేతులు వెనక్కి దాచుకున్నాడు. "నా దగ్గర లేవు తాతా," అని అబద్ధమాడి, తాత వెళ్ళిపోయాక బొరియలో మొహం పెట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు. ఇవ్వడానికి చేతినిండా ఉండి, అడిగేవాడు ఎదురుగా ఉండి, ఇవ్వలేకపోవడం ఎంత నరకమో అతనికి ఆ రోజే తెలిసింది. సూదమ్మ ఆ పూట ఒక్క సామెత కూడా వేయలేదు.

ఇటు ఇలా ఉంటే, అటు అంగడికి మహారాజుల్లాంటి కొత్త వ్యాపారులొచ్చారు. మర్కట బ్రదర్స్. రుసుము అడక్కముందే కట్టారు. అడిగినదానికన్నా ఎక్కువే కట్టారు. జంబుకరావు వాళ్ళని కౌగిలించుకుని, మర్యాదస్థులంటే వీళ్ళూ అన్నాడు.

వాళ్ళ సరుకు పేరు 'మఖమల్ గోకుడు'. బంగారు రంగులో నిగనిగలాడే మెత్తటి నూగు, చూస్తేనే వీపు చాపాలనిపిస్తుంది. అదేమిటనుకున్నారు? దూలగొండి కాయ! మనలాంటివాళ్ళం ఆ తీగ కనిపిస్తే ఆమడదూరం పారిపోతాం. నూగు ఒంటికి తగిలిందా, తోలు ఊడేదాకా గోక్కోవడమే.

"తనిఖీ?" అంటారేమో. ఎందుకు జరగలేదూ! కూర్మనాథం మఖమల్ గోకుడు అందుకుని తన వీపుమీద శ్రద్ధగా రుద్దుకున్నాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ రుద్దుకున్నాడు.

"ఏ హానీ లేదు. లోపలికి పంపండి," అన్నాడు.

ఇక చూడండి నా సామిరంగా! కొన్నవాడు ఒకసారి రుద్దుకుంటే దురద. ఆ దురద తీరాలంటే గోకుడు కావాలి. కంటకయ్య ఇచ్చిన పాత పుల్లలు ఎప్పుడో విరిగిపోయాయి, అంగడిలో ఉన్న గోకుడు అదొక్కటే. మళ్ళీ కొంటాడు, మళ్ళీ రుద్దుకుంటాడు, ఇంకా దురద! పొద్దున్న కొన్న కుందేలు మధ్యాహ్నానికి మళ్ళీ గేటు దగ్గర గెంతుతోంది. దుప్పులు గుంపులుగా వచ్చి పడ్డాయి. ఇప్పపువ్వు, నేరేడుపళ్ళు, దుంపలు, ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి కుమ్మరించారు. మూడోవంతు చొప్పున జంబుకరావు వాటా గుట్టలుగా పెరిగింది.

"కొన్నవాడే మళ్ళీ మళ్ళీ కొంటున్నాడంటే సరుకు ఎంత గొప్పదై ఉండాలి!" అని మురిసిపోయి, అంగడి పుట్టినరోజు పండగ పెట్టించాడు. సాక్షాత్తూ మృగరాజుగారే వేంచేశారు. అడవంతా గోక్కుంటూ హాజరయ్యింది. కంటకయ్య, సూదమ్మ కూడా వచ్చి చివర్లో నిలబడ్డారు.

మర్కట బ్రదర్స్ రాజుగారి కోసం ప్రత్యేకంగా ఒక గెల మొత్తం కట్టి తెచ్చారు. జంబుకరావు రెండు చేతులా అందుకుని, "ప్రభువుల వీపుకి ప్రజల కానుక!" అంటూ జూలు మొదలుకుని తోక మొదలుదాకా తనివితీరా రుద్దాడు. చేతులు దులుపుకుని, అలవాటు కొద్దీ తన మెడ కూడా నిమురుకున్నాడు.

మృగరాజుగారు ముందు చిరునవ్వు నవ్వారు. తర్వాత ముక్కు ఎగబీల్చారు. తర్వాత ఒక భుజం ఎగరేశారు. తర్వాత ఇంకో భుజం. తర్వాత...

"బాబోయ్!" అన్నారు.

రాజు నోట ఆ మాట అడవి ఎన్నడూ వినలేదు. సింహాసనంమీంచి దూకారు. నేలమీద పొర్లారు. నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి తన్నుకున్నారు. లేచి కంచెకి వీపానించి అటోసారి, ఇటోసారి రుద్దుకున్నారు. ఒక వరస కంచె పటపటమని కూలింది. పక్క వరసకి పోయారు. అదీ కూలింది. అంగడి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ రుద్దుకుంటూ పోతుంటే, ఆయన వెనకాలే కంచె పడుతూ పోయింది. జంబుకరావు రెండు కాళ్ళతో మెడ గోక్కుంటూ, "ప్రభూ! కంచె, ప్రభూ! కంచె!" అని వెంటపడ్డాడు.

"ఎవడ్రా దీన్ని లోపలికి రానిచ్చింది?" అని గర్జించారు రాజుగారు.

"రుసుము కట్టారు ప్రభూ!" అన్నాడు జంబుకరావు.

"నా వీపుకి ఏమీ కాలేదు ప్రభూ!" అన్నాడు కూర్మనాథం.

మర్కట బ్రదర్స్ ఏమీ అనలేదు. వాళ్ళు అప్పటికే పక్క అడవిలో రుసుము కడుతున్నారు.

అప్పుడు దున్నతాత గొంతు చించుకున్నాడు. "కంటకయ్య పుల్ల తెప్పించండయ్యా! దువ్వెనలా నూగంతా లాగేస్తుంది!"

"వీల్లేదు!" అన్నాడు జంబుకరావు, గోక్కుంటూనే. "రుసుము బకాయి ఉంది. గేటు దాటని వస్తువు పుచ్చుకుంటే నది అవతలకి పంపాలి. ప్రభువుల్ని పంపమంటారా?"

ఇంటికి పరిగెత్తి పుల్ల తెస్తే రాజుగారే నేరస్థులవుతారు. తేకపోతే రాజుగారు తోలు ఊడి చస్తారు. ఏం చేయాలో తోచక కంటకయ్య సూదమ్మ మొహం చూశాడు.

"పుల్ల ఇస్తే కదా నేరం?" అంది సూదమ్మ. "నువ్వే వెళ్ళవయ్యా! నువ్వు వస్తువువి కాదుగా!" అని అతన్ని ఒక్క తోపు తోసింది.

కంటకయ్య వెళ్ళాడు. రాజుగారికి వీపు చూపించడం మర్యాద కాదని తెలుసు. కానీ ఏం చేస్తాడు, ముళ్ళన్నీ అటే ఉన్నాయి. కళ్ళు మూసుకుని, ఒళ్ళు సర్దుకుని, వెనక్కి వెనక్కి నడిచి రాజుగారి వీపుమీద తన ముళ్ళతో పైనుంచి కిందకి ఒక్కటే దువ్వు దువ్వాడు. ముళ్ళ సందుల్లో చిక్కుకుని నూగంతా ఊడొచ్చింది. ఇంకోసారి దువ్వాడు. ఇంకోసారి.

"హమ్మ...య్యా!"

ఆ హమ్మయ్యకి చెట్లమీద పిట్టలు ఎగిరాయి. రాజుగారి కళ్ళవెంట ఆనందబాష్పాలు కారాయి. కంటకయ్యకి ఇంకేం కావాలి? అక్కడికక్కడే గిరగిరా తిరిగి గంతులేశాడు. మీదకొచ్చే ముళ్ళ దెబ్బకి జనం చెల్లాచెదురయ్యారు.

"కోరుకోవయ్యా, ఏం కావాలో కోరుకో!" అన్నారు రాజుగారు.

"ప్రభూ, ఊరికే ఇచ్చేవాణ్ణి ఊరికే ఇచ్చుకోనివ్వండి. రుసుము వద్దు. అంతే."

"అంతేనా? ఇచ్చేశాను పో!" అన్నారు రాజుగారు. అని, ఎన్నాళ్ళ నిద్రో ఒక్కసారే ముంచుకొచ్చినట్టు అక్కడే పడి గురకపెట్టారు.

మర్నాడు కంటకయ్య పుల్లల కట్ట వీపునేసుకుని, సూదమ్మని వెంటబెట్టుకుని, పెళ్ళికొడుకులా బయల్దేరాడు. అంగడి చుట్టూ కంచె అన్నది లేదు. అంతా నేలమట్టం. గేటు ఒక్కటే మైదానం మధ్యలో ఒంటరిగా నిటారుగా నిలబడి ఉంది. గేటుకి జంబుకరావు కాపలా. పక్కన కూర్మనాథం. వాళ్ళముందు సగం అడవి బుద్ధిగా వరసలో నిలబడింది. దున్నతాత కూడా ఆ వరసలోనే ఉన్నాడు.

"రండి, రండి కంటకయ్యగారూ! ప్రభువుల ఆజ్ఞ శిరసావహిస్తున్నాం. ఊరికే ఇచ్చేవారికి ఇకమీదట రుసుము లేదు," అన్నాడు జంబుకరావు. మెడమీద బొచ్చంతా ఊడిపోయినా మర్యాద మాత్రం ఊడలేదు. "కాకపోతే చిన్న మాట. మీరు నిజంగా ఊరికే ఇస్తున్నారని మాకు నమ్మకం ఏమిటి? ఏ అవసరమూ లేనివాడే కదా ఊరికే ఇస్తాడు? మీకు ఏ అవసరమూ లేదని రుజువు చూపించాలి."

"ఏం రుజువండీ?"

"పెద్దగా ఏం లేదు. నాలుగు తేనెపట్లు ధరావతు కింద ఇక్కడ పెట్టండి. మీరు ఊరికే ఇవ్వడం మానేసిన రోజున మొత్తం పట్టుకుపోవచ్చు. చుక్క తేనె తగ్గదు. నాది పూచీ!"

నాలుగు తేనెపట్లంటే ఎన్ని పుట్టలు? పక్క కొండమీద పుట్టలున్నాయంటారు, అక్కడ కూలి దొరుకుతుందేమో? పాపం, కంటకయ్య కాళ్ళు అప్పుడే ఆ కొండవైపు తిరిగాయి.

సూదమ్మ గేటుని పైనుంచి కిందదాకా చూసింది. గేటుకి అటు చూసింది. ఇటు చూసింది. మొగుడి చెవి పట్టుకుంది. గేటు పక్కనుంచి, కంచె పడిపోయిన చోటునుంచి, నడిచి లోపలికి పోయింది.

"అమ్మా! అమ్మా! అది దారి కాదు!" అని అరిచాడు జంబుకరావు.

"గోడ కూడా కాదుగా నాయనా!" అంది సూదమ్మ, వెనక్కి తిరక్కుండానే.

వరసలో ఉన్నవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు కుందేలు కిసుక్కున నవ్వింది. తర్వాత దుప్పి. తర్వాత వరస అన్నది లేకుండా పోయి, అడవంతా గేటుకి అటూ ఇటూ నుంచి వరదలా లోపలికి వచ్చిపడింది. దున్నతాత కొత్త పుల్ల నోట కరుచుకుని మెడ తిప్పాడు. "హమ్మయ్యా!" అన్నాడు. కంటకయ్య ఏడ్చాడు, నవ్వాడు, ఆ రెండూ అయ్యాక ఇంకో పుల్ల తీశాడు.

జంబుకరావు గేటు పట్టుకుని, "ఇటునుంచి రండి బాబూ, భద్రత, భద్రత!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ గేటులోంచి వచ్చింది కూర్మనాథం ఒక్కడే. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక్క మచ్చ లేదు కదా!

నీతి: అమ్ముకోడానికి పెట్టుబడి ఉంటే చాలు, ఊరికే ఇవ్వాలంటే మాత్రం ఆస్తయినా ఉండాలి, సూదమ్మలాంటి పెళ్ళామయినా ఉండాలి.